పిట్ట తల మీద పుట్టగొడుగు

ఆయన్ని అందరూ దుర్భిణి అంటారు. పెట్టిన పేరు లేక కాదు, మెడలో ఆ జంట గొట్టాల యంత్రం లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేక. పెళ్ళిళ్ళకి అదే, పరామర్శలకి అదే, కరెంటు బిల్లు కట్టే వరసలోనూ అదే. ఒకసారి మంగలి షాపులో కుర్చీ ఎక్కాక, "దాన్ని తీసి పక్కన పెట్టండి సార్, గడ్డం అందట్లేదు" అని మంగలి బతిమాలితే, "దాని మీంచే గీసెయ్" అన్నాడట. ఇది ఆయన బావమరిది చెప్పే కథ కాబట్టి సగానికి సగం కోసి నమ్మాలి. మిగిలిన సగం మాత్రం నిజమే.

వృత్తి, పక్షుల్ని చూపించడం. కొండవాలు అడవి అంచున ఒక లాడ్జి ఉంది. దూరాల నుంచి వచ్చేవాళ్ళు అక్కడ దిగుతారు. తెల్లారకముందే ఆయన వాళ్ళని లేపి, జీపులో కుక్కి, బావమరిది తోలుతుండగా అడవిలోకి తీసుకుపోయి, మెడలు పట్టేసేదాకా పైకి చూపిస్తాడు. అంతకుముందు జువాలజీ డిగ్రీ పట్టుకుని ఒక ట్యుటోరియల్ కాలేజీలో కప్ప జీర్ణవ్యవస్థని బోర్డు మీద గీసేవాడు. గీయడం పూర్తయ్యేసరికి క్లాసంతా గుర్రు పెట్టేది. "నా చేతిలో పడ్డ ప్రాణి ఏదైనా సరే కదలడం మానేస్తుందని నాకప్పుడే తెలిసింది" అని తన మీద తనే వేసుకుంటాడు.

లాడ్జి కరపత్రంలో ఆయన్ని 'ప్రకృతి ప్రేమికుడు' అని అచ్చువేశారు. ఆ మాట చూస్తే ఆయనకి ఒళ్ళు మంట. "ప్రేమంతా ఇటునుంచే. అటునుంచి జలగలొస్తున్నాయి" అంటాడు. నిజమే, ప్రకృతి ఒడి అని రాసేవాళ్ళెవరూ ఆ ఒడిలో ఏమేం పాకుతాయో రాసిన పాపాన పోలేదు.

ఇంట్లో ముందు గది భార్యది, కుట్టుమిషనుది. వెనక గది ఆయనది. టెలిస్కోపు, దాని మూడుకాళ్ళ స్టాండు, ఎప్పటికీ ఆరని మేజోళ్ళు అక్కడుంటాయి. పగటిపూట ఆయన ఇంటిపట్టున ఉంటే సంభాషణ ఇలా నడుస్తుంది.

"ఏమండీ, ఆ కత్తెర ఇలా అందుకోండి."

"ఎక్కడుంది?"

"మీ కళ్ళముందే."

"కనపడట్లేదే."

"ఆమడ దూరాన ఆకు చాటు పిట్టకి ముక్కు ఏ రంగో చెబుతారటగా. కత్తెరకి రెండు రెక్కలు కుట్టమంటారా?"

ఈ వృత్తిలో పెద్ద విద్య చూడ్డం కాదు, చూపించడం. దానికి కావలసిన పనిముట్టు 'అదిగో' అనే ఒక్క మాట. గైడు టెలిస్కోపు బిగించి, "అదిగో, రెండో కొమ్మ, ఎండుటాకు పక్కన" అంటాడు. వచ్చినవాడు కన్ను ఆనిస్తాడు. ఆకు కనిపిస్తుంది. పక్కన ఏమీ కనిపించదు. వెనక తక్కినవాళ్ళు వరసకట్టి గొణుగుతుంటారు. "ఆఁ, ఆఁ, కనిపించింది, అబ్బ ఎంత బావుందో!" అని తప్పుకుంటాడు. ఇలాంటి 'కనిపించింది'లలో చాలావరకు మర్యాదకి అన్నవేనని దుర్భిణికి తెలుసు. ఎన్నడూ ఎవర్నీ నిలదీయలేదు. వాళ్ళ 'కనిపించింది' ఎలాంటిదైనా, తన 'అదిగో' మాత్రం నికరమైనదని ఆయన నమ్మకం. లేనిదాన్ని చూపించి ఆ మాట అనలేదు. ఆయనకి ఆస్తంటూ ఉంటే అదే.

ఆ ఆస్తికే ఎసరు పెట్టింది కప్పనోటి పిట్ట.

అదొక రాత్రి పిట్ట. నోరు తెరిస్తే కప్ప నోరంత వెడల్పు, అందుకే ఆ పేరు. పగలంతా కొమ్మ మీద ముక్కు పైకెత్తి, కళ్ళు మూసి, ఒళ్ళు బిగబట్టి కూర్చుంటుంది. చూస్తే విరిగిన ఎండుకొమ్మ మోడు అనుకుంటాం. అలా అనుకోవాలనే దాని తాపత్రయం. ఈ అడవిలో ఉందని విన్నవాళ్ళే గానీ పగటిపూట చూసినవాళ్ళు లేరు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం, వాగు ఒడ్డున వెదురుపొద పక్క చెట్టు మీంచి అది లేచిపోవడం దుర్భిణి కళ్ళారా చూశాడు. అందులో అనుమానం లేదు. మర్నాడు పగలు వెళ్ళి, అదే చెట్టుకి టెలిస్కోపు గురిపెట్టి, కొమ్మకొమ్మా గాలించి చివరికి పట్టేశాడు. ముక్కు పైకి, కళ్ళు మూత, బూడిదరంగు మీద గోధుమరంగు చారలు. చుట్టూ ఎవరూ లేకపోయినా పైకే అన్నాడు, "అదిగో!"

ఆ సీజనంతా ఆయనది రాజభోగం. వచ్చినవాళ్ళందరికీ అదే చెట్టు, అదే కొమ్మ. పిట్టలు సాధారణంగా గైడు పరువు తీయడానికే పుడతాయి. ఇది మాత్రం ప్రమోషను కోసం చూసే గుమాస్తాలా ఎప్పుడు వెళ్ళినా సీట్లోనే ఉండేది. లాడ్జి ఓనరమ్మ గేటు బోర్డు మీద దాని బొమ్మ వేయించింది. ఫారెస్టు ఆఫీసువాళ్ళు వచ్చి చెట్టు చుట్టూ తాడు కట్టి, 'నిశ్శబ్దం పాటించండి' అని పలక తగిలించారు.

అనుమానం మొదట వచ్చింది బావమరిదికి. అదైనా శాస్త్రీయంగా వచ్చింది కాదు, జీపులో కూర్చుని విసుగెత్తి వచ్చింది.

"బావా, ఇది అటూ ఇటూ తిరగదా? ఎప్పుడు చూసినా మొహం ఒకే వైపు."

"కదలకపోవడమే దాని గొప్ప."

"రెట్టైనా వెయ్యదేంటి? కింద నేల మా అక్క వంటింటి గట్టులా ఉంది."

"రాత్రి బయటికెళ్ళినప్పుడు కానిచ్చుకుంటుంది."

"ఎంత పద్ధతైన పిట్ట బావా! మనింట్లో పుట్టాల్సింది."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నవాణ్ణి చూసి నవ్వుతాం గానీ, పాపం వాడి చేతిలో కుందేలైనా ఉంది. దుర్భిణి సిద్ధాంతం అంతకంటే పటిష్ఠం. కదిలితే పిట్ట, కదలకపోతే గొప్ప పిట్ట. ఇలాంటి సిద్ధాంతాన్ని ఓడించగల సాక్ష్యం సృష్టిలో లేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళకి ఇలాంటివి ఇంకా బాగా అబ్బుతాయి. అక్కడితో ఆగాడా అంటే అదీ లేదు. టెలిస్కోపు చుట్టూ మూగిన జనంతో గుసగుసగా, "చూడండి, కన్ను సన్నగా తెరిచింది, మనల్నే గమనిస్తోంది" అనేవాడు. అనడమే కాదు, నిజంగానే చూసేవాడు. జనమూ చూసేవాళ్ళు. ఒక పళ్ళ డాక్టరైతే దాని ఊపిరి లెక్కపెట్టానన్నాడు.

ఆ పళ్ళ డాక్టరే కొంప ముంచాడు.

సీజను చివర్లో ఆయన దగ్గర్నుంచి లాడ్జికి ఒక పార్సిలు వచ్చింది. విప్పితే పెద్ద ఫోటో, బంగారురంగు ఫ్రేము, అడుగున 'అపురూప దర్శనం చేయించిన గైడుగారికి' అని అక్షరాలు. భోజనాల హాల్లో తగిలించమంది ఓనరమ్మ. స్టూలెక్కి మేకు కొట్టింది బావమరిది. ఎదురుగా నిలబడి వంకర సరిచేయించింది దుర్భిణి.

"కొంచెం ఎడమకి. ఇంకొంచెం. ఆగు."

"ఆగా."

"తల మీద ఏమిటది?"

"నా తల మీదా?"

"నీది కాదురా, పిట్టది."

బావమరిది స్టూలు దిగి వచ్చి, బావ పక్కన నిలబడి చూశాడు. పిట్ట నడినెత్తిన, ఎండకి పట్టినట్టు, కాడతో సహా చిన్న తెల్లటి పుట్టగొడుగు. ఆ మధ్య కురిసిన అకాల వానకి మొలిచినట్టుంది.

"బావా," అన్నాడు బావమరిది, "ఇది మరీ కదలని రకమేమో."

కన్ను తెరిచిందని తను చెప్పిన మాటలన్నీ దుర్భిణి చెవుల్లో మోగుతున్నాయి. కన్ను అని తను చూపించింది ఎండుచెక్కలో చీలిక. ముక్కు అని చూపించింది ముడి. ఈకల మీద చారలని చెప్పింది బూజు. సీజనంతా దేశదేశాల జనం చేత కట్టెపుల్లకి కళ్ళద్దాలు తీసి దణ్ణం పెట్టించాడు.

అప్పుడు గుర్తొచ్చింది. రేపు పొద్దున బస్సుకి లెక్కల టీచరుగారు దిగుతున్నారు.

ఆవిడ రిటైరైన మనిషి. కిందటేడు వచ్చింది. ఉన్నన్నాళ్ళూ ఒకటే వాన. తడవడం తప్ప ఆవిడకి ఆయన చూపించగలిగిందేమీ లేకపోయింది. బస్సెక్కిస్తూ, "మళ్ళీ రండి టీచరుగారూ, కప్పనోటి పిట్టని చూపించే పూచీ నాది" అన్నాడు. ఈ సీజన్లో తనే ఫోను చేసి, "దొరికింది, రండి" అన్నాడు. మోకాలి ఆపరేషను చేయించుకుని కూడా ఆ మాట మీద వస్తోంది.

"ఇందులో తప్పు ఒక్క పుట్టగొడుగే కదా," అన్నాడు బావమరిది జీపు తోలుతూ. "పొద్దున్నే వెదురుగడతో తట్టేద్దాం. మిగతాదంతా బానే ఉంది."

"మిగతాదంతా చెక్కరా!"

"అది మనిద్దరికే తెలుసు. ఆవిడ చూస్తుంది, మురిసిపోతుంది, వెళ్ళిపోతుంది. నువ్వు నోరు విప్పావనుకో, గేటు మీద బోర్డు పోతుంది, నీ పని పోతుంది, వెనకే నా జీపు పోతుంది. మిగిలేది నిజం ఒక్కటే. దాన్ని తెచ్చి ఏ గదిలో పెట్టుకుంటావ్?"

ఈ ప్రశ్నకి నీతి పుస్తకాల్లో జవాబు సిద్ధంగా ఉంటుంది. పని పోబోయే మనిషి దగ్గర ఉండదు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ మొదట మిషను ఆపకుండా వింది. పుట్టగొడుగు దగ్గరికొచ్చేసరికి కాలు అదుపు తప్పి దారం పుటుక్కున తెగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"సీజనంతా చెక్కనా? ఆ ఫారెస్టువాళ్ళు దానికి కాపలా కూడానా?"

"నవ్వకే."

"నవ్వక? కత్తెర కనపడనప్పుడే నాకు అనుమానం రావలసింది." కళ్ళు తుడుచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తూ అడిగింది, "ఇంతకీ రేపు టీచరుగారితో అదిగో అంటారా, అనరా?"

"అదే తేలట్లేదు."

"అనాలనుకుంటే అనండి, మీ ఇష్టం. ఒకసారి అట్టముక్క కోసిన కత్తెర మళ్ళీ గుడ్డకి పనికిరాదు. అంతవరకే నాకు తెలుసు."

తెల్లవారుజామున బావాబావమరుదులిద్దరూ వెదురుగడ పట్టుకుని వాగు ఒడ్డుకి చేరారు. దుర్భిణి ఇంకా ఏ నిర్ణయానికీ రాలేదు. 'ముందు దగ్గర్నుంచి చూసి నిర్ధారించుకోవాలి' అని తనకి తను సర్దిచెప్పుకున్నాడు. డిగ్రీ చదివినవాడు దొంగపనికి వెళ్ళినా దాన్ని నిర్ధారణ అనే అంటాడు. ఎవర్నీ దాటనివ్వకుండా తనే కాపలా కాసిన తాడుని పంచె ఎగ్గట్టినట్టు ప్యాంటు ఎగదోసి దాటాడు. 'నిశ్శబ్దం' పలక కింద నిలబడి ఇద్దరూ గుసగుసలాడుకున్నారు, చెక్కకి నిద్రాభంగం అవుతుందేమోనన్నట్టు.

"పొడవనా?" అన్నాడు బావమరిది.

"ఇటివ్వు, నేను పొడుస్తాను."

పొడిచాడు. టక్ అంది. రెండోసారి పొడిచాడు. మళ్ళీ టక్. పుట్టగొడుగు ఊడి సరిగ్గా బావమరిది ముక్కు మీద పడింది.

ఆ క్షణాన, చెక్కకి ఎడంపక్క మూరెడు దూరంలో, అదే కొమ్మకి ఉన్న ఇంకో మోడు కళ్ళు తెరిచింది. పసుపుపచ్చని గుండ్రటి కళ్ళు. కప్పలా వెడల్పాటి నోరు తెరిచి, ఇద్దరినీ ఒకసారి పరమ అసహ్యంగా చూసి, చప్పుడు లేకుండా లేచి, వాగు మీదుగా ఆవలి వెదుళ్ళలోకి వెళ్ళిపోయింది. అది కూర్చున్నచోటికి సరిగ్గా కింద వాగు నీళ్ళు. రెట్ట సంగతి కూడా తేలిపోయింది.

సీజనంతా అది అక్కడే ఉంది. టెలిస్కోపులో కనిపించే గుండ్రటి ముక్కలో చెక్క ఒక్కటే పడేది. టెలిస్కోపుని కాస్త పక్కకి జరపాలని ఆయనకి గాని, వందలమంది జనానికి గాని తోచలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడని సామెత. దుర్భిణి ఇంకో మెట్టు పైకెక్కాడు. పిల్లని పక్కలో పెట్టుకుని దిండుకి జోల పాడాడు. తీరా తెలిశాక పిల్లని కర్రతో తరిమాడు.

"బావా," అన్నాడు బావమరిది ముక్కు తుడుచుకుంటూ, "అదిగో."

"నోరు ముయ్యరా."

బస్సు స్టాండుకి వెళ్ళేదారిలో దుర్భిణి ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. రాత్రి పక్షుల అలవాట్లు, అవి స్థావరం మార్చే కాలాలు. వాతావరణ మార్పు అనే మాట కూడా నాలుక చివరిదాకా వచ్చింది. ఈ రోజుల్లో దాని నెత్తిన వెయ్యలేని నేరం లేదు. ఇంతలో బస్సు ఆగింది. చేతికర్రా, ఎండటోపీ, ముడతల మొహాన చిన్నపిల్లల సంబరమూ దిగాయి.

"ఏం నాయనా, ఉందా?"

ఉపన్యాసం మొత్తం ఎగిరిపోయింది.

"ఉంది టీచరుగారూ. ఇందాకే నేనే తోలేశాను. అంతకుముందు సీజనంతా అందరికీ దాని పక్కనున్న చెక్కని చూపించాను."

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన నీళ్ళు నములుతుంటే, జీపులోంచి బావమరిది అందుకుని, పుట్టగొడుగు ఏ వేగంతో వచ్చి ముక్కు మీద ఎక్కడ పడిందో వేలితో చూపించి మరీ కథంతా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, తప్పు చేసిన పిల్లాణ్ణి బెంచీ ఎక్కించే ముందు చూసినట్టు ఆయన్ని చూసింది.

"చెట్టు అదేనా?"

"అదేనండి."

"కొమ్మా?"

"అదే."

"అయితే స్టెప్పులన్నీ తప్పు, ఆన్సరు రైటు. ఇలాంటి పేపరు దిద్దాలంటే నాకు ఎప్పుడూ తలనొప్పే." జీపెక్కి కూర్చుంది. "పద, ఆ చెక్కనైనా చూపించు. ఇంతమందిని ఒప్పించిన మొహం ఎలా ఉంటుందో చూడొద్దూ?"

వాగు ఒడ్డున టెలిస్కోపు బిగించి ఇచ్చాడు. ఆవిడ చాలాసేపు కన్ను తీయలేదు.

"ముక్కు కూడా ఉందే."

"అది ముడండి."

"కన్ను?"

"చీలిక."

"ఇప్పుడే తెరిచింది!"

"టీచరుగారూ!"

"అబ్బ, వేళాకోళానికన్నానయ్యా. నువ్వు మరీ బెదిరిపోయావు."

సాయంత్రందాకా బండరాళ్ళ మీద కూర్చున్నారు. పిట్ట రాలేదు. కర్రతో పొడిచిన చోటికి ఆ రోజే తిరిగి రావడానికి అదేమన్నా గైడా? చీకటి పడబోతుండగా బావమరిదికి గుర్తొచ్చి ఫోను తీశాడు. పళ్ళ డాక్టరు ఫ్రేము కట్టించకముందు పంపిన ఫోటో అందులో ఉంది, అంచులు కత్తిరించనిది. ముగ్గురూ తలలు దగ్గరపెట్టారు. నడిమధ్య చెక్క, మహారాజులా. దుర్భిణి ఈసారి దాన్ని వదిలేసి ఎడమ అంచు చూశాడు. ఫ్రేము షాపువాడు అందం కోసం కోసిపారేసిన ముక్కలో, మసగ్గా, ముక్కు పైకెత్తి, కళ్ళు మూసుకుని ఇంకో మోడు.

"అది..." అని ఆగిపోయాడు.

"అనవయ్యా, ఫర్లేదు," అంది టీచరుగారు.

"ఇవాళ పొద్దున కదలడం చూశాను కాబట్టి అంటున్నాను. అదిగో."

ఆవిడ వేళ్ళతో బొమ్మని పెద్దది చేసి చూసి, ఫోను తిరిగిచ్చేసింది. "బావుంది. కానీ ఫోటోలో చూసింది చూసినట్టు కాదు. వచ్చే ఏడు వస్తాను. ఈసారి ఏది చూపించినా ముందు కర్రతో పొడిచి చూపించు."

తర్వాతి కథ త్వరగానే అయిపోతుంది. ఆ సీజన్లో వచ్చినవాళ్ళందరికీ దుర్భిణి కబురు పెట్టాడు, తను చూపించింది చెక్క అనీ, ఫోటోలుంటే ఎడంపక్క వెతుక్కోమనీ. కొందరు నవ్వారు. కొందరు డబ్బులు వెనక్కిమ్మన్నారు. ఎక్కువమందికి మాత్రం కోపం వచ్చింది, అదీ మోసపోయినందుకు కాదు. తాము చూసింది పిట్టేనట. చెక్కని చూసింది ఇంకెవరో అయ్యుంటారట. పళ్ళ డాక్టరు జవాబు ఒక్క ముక్క: "మీకు కనిపించకపోతే నేనేం చెయ్యను? నేను ఊపిరి లెక్కపెట్టాను."

ఓనరమ్మ ఆఫీసుగదిలోకి పిలిచి తలుపేసింది. "చెక్కని చూపించినందుకు కాదయ్యా నా బాధ. చెక్క అని చెప్పినందుకు." పిట్టల గుంపుల నుంచి తీసేసి ఆయన్ని సీతాకోకచిలుకల గుంపులకి మార్చింది. అవైతే కనీసం కదులుతాయని. మరుసటి సీజను నాటికి మళ్ళీ పిలవక తప్పలేదు. టీచరుగారు ఫోను చేసి, తనతో పాటు ఇంకో ముగ్గురు రిటైరైనవాళ్ళకి గదులు తీసుకుని, గైడు ఎవరు కావాలంటే, "ఆ చెక్క గైడే" అందట. ఇప్పుడు లాడ్జిలో ఆయన పేరు అదే. దుర్భిణి అనేవాళ్ళు తగ్గిపోయారు. మెడలో మాత్రం అదే ఉంది.

ఆ పళ్ళ డాక్టరు ఫోటోని, అంచులు కోయకుండా, తన ఖర్చుతో కొత్తగా ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని దాని ఎదుట నిలబడతాడు. పిట్ట ఎక్కడుందో ఆయనకి తెలుసు. అయినా ప్రతిరోజూ కన్ను ముందు చెక్క మీదికే పోతుంది, నోట్లో 'అది' దాకా వచ్చేస్తుంది. మిగతా అక్షరాన్ని టీతో మింగేసి ఎడమకి జరుగుతాడు.